బొట్టు పెట్టి చెప్పినట్టు మెయిల్ పంపాలె

(హన్మకొండలో చిన్న వ్యాపారులు, చేనేత కుటుంబాల వాళ్లు కూడిన సభలో ఒక వరంగల్ కొత్తవాడ కోడలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికి నమస్కారం. వెనుక కుర్సీలల్ల కూసున్నోళ్లకు వినిపిస్తున్నదా? మంచిది.

బయట కట్టిన ఫ్లెక్సీ మీద "ఈమెయిల్ మార్కెటింగ్ వ్యూహం" అని రాసిండ్రు. పొద్దున దాని ఫోటో వాట్సాప్‌ల వస్తే మా మామకు చూపిచ్చిన. ఆయన అద్దాలు సవరించుకొని చదివి, "వ్యూహమా బిడ్డా! లోపలికి పోవుడు తెలిసి బయటికి వచ్చుడు తెల్వకపోతే అభిమన్యుని కథ అయితది, చూసుకో" అన్నడు. (నవ్వులు) నేను మొదటిసారి మెయిళ్లు పంపినప్పుడు అదే కథ అయింది. అది కూడా చెప్త, దాచిపెట్టను.

మా అత్తగారింట్ల మూడు మగ్గాలున్నయి. జంపకానలు నేస్తరు. షాపులోళ్లు దర్రీలంటరు, మా మామ శత్రంజీ అంటడు, వస్తువు ఒకటే. 2018ల వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే గుర్తు, వచ్చింది. సంతోషమే, కని ట్యాగు వచ్చిందని ఫోను మోగదు గదా. నేను హైదరాబాద్‌ల కంపెనీల పని చేసేదాన్ని. కరోనాల ఇంటికి వచ్చి ఇక్కడనే ఉండిపోయిన. "కంప్యూటర్ చదివింది గదా" అని అమ్మే పని నా నెత్తిన పెట్టిండ్రు.

ఒక్క ముచ్చట అడుగుత. మన దిక్కు పెండ్లికి ఎట్ల పిలుస్తరు? కార్డు పంచుడు వేరే, బొట్టు పెట్టి చెప్పుడు వేరే. ఆడోళ్లు ఇద్దరు కుంకుమ భరిణె పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, పేరు పెట్టి పిలిచి, బొట్టు పెట్టి, "పలానా నాడు లగ్గం, తప్పకుండ రావాలె" అని చెప్తరు. కార్డు ముట్టినా బొట్టు పెట్టకపోతే, "మమ్ములను పిలిచిండ్రా ఏంది?" అని అలుగుతరు. ఇగ ఊరి నడుమ డప్పు కొట్టి చాటింపు వేస్తే ఊరంత వింటది, కని ఎవరికి వాళ్లు "నాకు చెప్పలే" అనుకుంటరు. మెయిల్ అంటే మనోళ్లు చానమంది డప్పు అనుకుంటున్నరు. పదివేల మందికి ఒక్క బటన్‌తోని కొడితే పదిమందన్న రాకపోతరా అని. నేను గూడ గట్లనే అనుకున్న.

ఈ డప్పు కొట్టుడు ఎప్పుడు షురూ అయిందో ఎరుకేనా? 1978 మే నెల. అమెరికాల డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీల గ్యారీ థర్క్ అనే మార్కెటింగ్ మనిషి, మా కొత్త మిషన్లు చూడ రండి అని, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌ల ఉన్న దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టిండు. అడ్రసులు ఎన్నంటే, పైన పట్టక కిందికి జారి చిట్టి లోపలనే పడ్డయి. తెరిచినోళ్లకు ముందుగాల కనిపించింది ఊరందరి అడ్రసులు. చానమంది తిట్టిండ్రు. దాన్నే ఇప్పుడు మొట్టమొదటి స్పామ్, అంటే అడగకుండ మందికి కొట్టే మెయిల్, అంటరు. అంటే మెయిల్ పుట్టి ఏడేండ్లకే మనుషులు దాని మీద డప్పు కొట్టిండ్రు.

నా కథకొస్త. ఒకాయన దగ్గర పెన్ డ్రైవ్ కొన్న. పన్నెండు వేల అడ్రసులు. "అన్ని పైసలున్నోళ్లయే మేడమ్" అన్నడు. మంచి ఫోటోలు పెట్టి, పండుగ ఆఫర్ అని రాసి, ఒక్క రాత్రిల అన్నిటికి పంపిన. పొద్దున లేచి చూస్తే సగం వాపసు వచ్చినయి, అసలు అట్లాంటి అడ్రసులే లేవు. చేరినోళ్లల్ల కొందరు స్పామ్ బటన్ నొక్కిండ్రు. ఆర్డర్లు? ఒక్కటి రాలే. అంతటితోని పోతే పైసలు పోయినయి అనుకుందును. వారం తర్వాత బెంగళూరు నుంచి మా పాత గిరాకి, ఆరేండ్లుగ కొనే అమ్మ, ఫోన్ చేసింది. "బిల్లు పంపుతనన్నవు, పంపకపోతివి?" అని. నేను పంపిన. చూస్తే ఆమె స్పామ్‌ల పడ్డది. మా పేరు మీద నుంచి పోయే ప్రతి మెయిల్‌ను జీమెయిల్ దొంగసరుకు లెక్క చూస్తున్నది. పరాయోళ్ల ఇంటి ముంగట డప్పు కొట్టినందుకు సొంత చుట్టాలు తలుపు తీయని కాలం వచ్చింది. ఆ పేరు బాగు చేసుకునుటానికి నాకు ఆర్నెల్లు పట్టింది. రోజుకు ఇరవై ముప్పై మందికి, అది గూడ తప్పకుండ జవాబిచ్చేటోళ్లకే, కొద్దికొద్దిగ పంపుకుంట వచ్చిన.

అందుకే చెప్తున్న, అడ్రసులు కొనకుండ్రి. ఎంత అగ్గువకొచ్చినా సరే.

మరి అడ్రసులు ఎక్కడ దొరుకుతయి? మా ఇంట్లనే దొరికినయి. మా మామకు ఎర్ర అట్ట పద్దు పుస్తకాలున్నయి, బీరువ మీద దొంతి. ఒక పేజీ యాది పెట్టుకున్న: "కరీంనగర్ టీచరమ్మ. నీలం అంచు, 6 బై 4, రెండు. బిడ్డ పెండ్లి మాఘంల ఉన్నదట. ఎరుపు వద్దన్నది." పైసలెన్నో పక్కన రాసిండు, అది సరే. "ఎరుపు వద్దన్నది" అని ఎందుకు రాసిండు? మళ్ల వస్తే ఎర్రది తీసి చూపియ్యకుండ. కంపెనీల దీన్నే మాకు సెగ్మెంటేషన్, అంటే గిరాకిలను వాళ్ల ఇష్టాన్ని బట్టి వేరు చేసుడు, అని రెండు రోజులు క్లాసు పెట్టి చెప్పిండ్రు. మా మామ కలంతోని చేసిండు.

ఆ పుస్తకాలు ముందట పెట్టుకొని ఫోన్లు చేసిన. మెయిల్ ఉన్నదా, పంపొచ్చునా అని ఒక్కొక్కరిని అడిగిన. ముప్పై ఒక్క మంది సరే అన్నరు. పన్నెండు వేలకు బదులు ముప్పై ఒకటి! కని ఆ ముప్పై ఒక్కరు నన్ను ఎరిగినోళ్లు.

ఇప్పుడు దుకాణంల బిల్లు కౌంటర్ కాడ ఒక క్యూఆర్ కోడ్ పెట్టినం. "మా న్యూస్‌లెటర్‌ల చేరండి" అని రాస్తే ఎవ్వరు చేరలే. ఎవలకు కావాలె న్యూస్‌లెటర్? "జంపకాన రంగు పోకుండ ఎట్ల ఉతకాలె, మెయిల్‌ల పంపాలెనా?" అని మార్చినం. చేరిండ్రు. అడ్రసు కొట్టినంక వాళ్లకు ఒక మెయిల్ పోతది, అండ్ల లింకు నొక్కితెనే లిస్టుల పడతరు. ఎందుకంటే చేతిరాతతో తీసుకున్నప్పుడు "జీమెయిల్"ను "జీమైల్" అని రాసినోళ్లు ఎందరో. తప్పు అడ్రసుకు పంపుడంటే మళ్ల నా పాత కథనే.

(సభలో ఒకరు: అమ్మా, మా గిరాకిలంత వాట్సాప్‌లనే ఉంటరు. మెయిల్ ఎవలు చూస్తరు?)

మీదేం దుకాణం అన్నా? కిరాణం. ఏడ? హంటర్ రోడ్డు. అయితే మీకు మెయిల్ అక్కరలేదు, నిజంగ చెప్తున్న. ఉప్పు పప్పుకు ఎవలు మెయిల్ చూడరు. వాట్సాప్‌ల ఉండుండ్రి, ఈ గంట మీకు దండుగ అయింది, ఛాయ్ మాత్రం తాగి పోండ్రి. (నవ్వులు) కని మీ పక్కన కూసున్నాయనది ఎనుమాముల మార్కెట్ల మిర్చి వ్యాపారం. ఆయనకు మెయిలే కావాలె. బయటి దేశం కొనుగోలుదారు కంపెనీల పది మందిని అడిగి, కాయితాలు దాచిపెట్టుకొని, నెల తర్వాత నిర్ణయం చెప్తడు. వాట్సాప్‌ల గుడ్ మార్నింగ్ పూల నడుమ మీ రేటు ఏడ ఎతుకుతడు?

ఆయనతోని కలిసి మొన్న ఒక మెయిల్ రాసినం. చపాట మిర్చి ఎరుకే గదా, టమాట లెక్క గుండ్రంగ, మస్తు ఎరుపు, కారం తక్కువ. 2025ల దానికి గూడ జీఐ వచ్చింది. ఆయన ముందు రాసుకొచ్చిన సబ్జెక్టు "ప్రియమైన సర్, అవకాశం" అని. అవకాశం ఎవలిది? లాటరీ మెయిల్ లెక్కున్నది. మార్చి ఏం పెట్టినమంటే, "చపాట, తొడిమ తీసినవి, ఈ సీజన్ శాంపిల్ రెడీ". లోపల తేమ ఎంత, రంగు ఆస్టా లెక్కల ఎంత, కారం స్కోవిల్ లెక్కల ఎంత, తాలు ఎంత శాతం, ల్యాబ్ రిపోర్టు లింకు. బస్తాలు పగటి వెలుగుల తీసిన ఫోటో ఒక్కటి. రంగు కోసం కొనేటోనికి ఆస్టా నంబరు కావాలె, పొగడ్తలు ఎందుకు? పొగడ్తలన్ని తీసేస్తే మెయిల్ పదకొండు లైన్లకు వచ్చింది. పంపిన కాలం గూడ చూసుకున్నం. కొత్త కాయ జనవరి నుంచి మార్కెట్‌కు దిగుతది. అంతకు ముందే వాళ్ల కొనుగోలు లెక్కలు నడుస్తయి. కాయ వచ్చినంక పంపితే ఆలస్యమే.

అంటే ప్లాన్ అంటే ఇదే. "వారానికి ఎన్ని మెయిళ్లు పంపాలె?" అని నన్ను అందరు అడుగుతరు. గిరాకికి మనం ఎప్పుడు యాదికొస్తం, అది లెక్క తీయుండ్రి ముందుగాల. మా జంపకానకు తీస్తే ఇట్ల తేలింది: బతుకమ్మ, దసరా ముందర ఇండ్లు సర్దుకునేటప్పుడు. మాఘంల, శ్రావణంల పెండ్లిళ్లకు. డిసెంబర్‌ల అమెరికా నుంచి పిల్లలు వచ్చినప్పుడు. ఇగ ఎండకాలం చల్లగ కింద పరుచుకొని పడుకునుటానికి. ఈ నాలుగు కాలాలకు ముందు మూడు వారాల కాడ ఒక మెయిల్, అంతే. మిగిలిన మెయిళ్లన్ని క్యాలెండర్‌తోని పోవు, మనిషి చేసిన పనితోని పోతయి. చేరిన నాడు ఒకటి. కొన్న పది రోజులకు ఒకటి.

ఆ పది రోజుల మెయిల్ చదివి వినిపిస్త, ఎందుకంటే నేను పంపినవన్నింట్ల ఎక్కువ జవాబులు వచ్చింది దీనికే. సబ్జెక్టు: "జంపకాన మొదటిసారి ఉతికే ముందు". లోపల:

"నమస్తే. మీ జంపకాన మీ ఇంటికి వచ్చి పది రోజులైంది. మొదటిసారి ఉతికేటప్పుడు చల్లనీళ్లల్ల గుప్పెడు కల్లుప్పు వేయండి. మెషిన్‌లో వేయకండి. నానబెట్టి మరిచిపోకండి, అర్ధగంట చాలు. పిండకుండా దండెం మీద నీడకు ఆరేయండి. అంచుల పోగు లేస్తే లాగకండి, కత్తెరతో కత్తిరించండి. ఏమన్న అనుమానం ఉంటే దీనికే జవాబు రాయండి, నేనే చూస్తాను."

అంతే. ఆఫర్ లేదు, ఫోటో లేదు, "ఇప్పుడే కొనండి" బటన్ లేదు. బెంగళూరు అమ్మ యాదికున్నదా? ఆమె దీనికి జవాబు రాసింది: "మా కుక్క అంచు కొరికింది, బాగైతదా?" అని. మా మామ ఫోటో చూసి, పంపుమన్నడు. అల్లి వాపసు పంపినం. ఆ పార్శిల్ ముట్టిన నాడే 9 బై 6 ఒకటి చెప్పింది. నేను కొనుమని అడగలే, ఆమెనే కొన్నది.

కొన్ని కంపెనీల మెయిళ్లు చూస్తరు గదా, కింద రాస్తరు, "దీనికి జవాబు ఇయ్యకండి" అని. నో రిప్లై అట. గడప మీద నిలవడి బొట్టు పెట్టి, "నాతోని మాట్లాడకు" అన్నట్టు. నాకు దాన్ని చూస్తెనే మండుతది.

ఇగ ఫ్లెక్సీ కొట్టే తమ్ముళ్లు ఇక్కడుంటే కోపం తెచ్చుకోవద్దు. మనోళ్లు ఏం చేస్తరంటే, పోస్టర్ డిజైన్ చేయించి, ఆ జేపీజీ బొమ్మనే మెయిల్‌ల పెట్టి పంపుతరు. అవతల బొమ్మలు ఆపిపెట్టుకున్నోనికి తెల్ల డబ్బ కనిపిస్తది, అంతే. ఫోన్ల అక్షరాలు చీమలంత ఉంటయి. ఇంకోటి, డీటీపీ దుకాణంల "అను" అనే ఫాంట్ల కొట్టిన తెలుగు తెచ్చి మెయిల్‌ల పేస్ట్ చేస్తరు. అది ఏ భాషనో దేవునికెరుక, పిచ్చి గీతలు పోతయి. యూనికోడ్‌ల కొట్టుండ్రి. ఫోన్ల మీరు మెసేజ్ కొట్టే తెలుగు యూనికోడే. మన తెలుగు అక్షరాలు కంప్యూటర్ లెక్కల ఇంగ్లీషు కంటె బరువు, ఒక్కొక్క గుర్తుకు మూడు బైట్లు. మెయిల్ 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ కింది భాగం కోస్తది. పొడుగు పురాణం రాస్తే మీ ఫోన్ నంబరున్న తోక తెగిపోతది. సబ్జెక్టు గూడ అంతే, ఫోన్ల సగమే కనిపిస్తది. ముఖ్యమైన మాట ముందల పెట్టుండ్రి. "శుభవార్త!" అని మొదలుపెట్టి జాగ దండుగ చేయకుండ్రి.

ఇప్పుడు జర చేదు మందు. సొంత డొమైన్, అంటే మీ సొంత వెబ్‌సైట్ పేరు, మీద మెయిల్ పంపుతరా, మూడు పేర్లు యాది పెట్టుకోండ్రి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. భయపడకుండ్రి. మార్కెట్ల బస్తాలతోని చెప్త. "మా సరుకు ఈ లారీలల్లనే వస్తది" అని ముందే చెప్పుడు ఎస్‌పీఎఫ్. బస్తా మీద ఎవలు విప్పి మళ్ల కుట్టినా దొరికిపోయే ముద్ర వేసుడు డీకిమ్. ముద్ర లేకుండ మా పేరు మీద బస్తా వస్తే దింపుకోవాల్నా, పక్కకు పెట్టాల్నా, వాపసు పంపాల్నా అని చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని గట్టిగ అడుగుతున్నయి. జీమెయిల్ అడ్రసులకు రోజుకు 5000 మెయిళ్లు పంపేటోళ్లకు మూడు ఉండాల్సిందే. తక్కువ పంపేటోళ్లకు గూడ మొదటి రెండింట్ల ఒకటి లేకుంటే నడవది. డొమైన్ అమ్మినోళ్లను అడిగితే ఒక పూటల పెట్టిస్తరు. అదే రూల్స్‌ల ఇంకోటున్నది: స్పామ్ అని నొక్కినోళ్లు 0.3 శాతానికి పోవద్దు. వెయ్యి మందిల ముగ్గురు! ఆ ముగ్గురు ఇదే హాల్ల కూసుంటే మనం గుర్తు గూడ పట్టం.

అందుకే పోతమన్నోళ్లకు తోవ ఇయ్యాలె. వద్దు అనే లింకును కింద, సన్న అక్షరాలల్ల, తెలుపు మీద తెలుపు రంగుల దాచినోళ్లను చూసిన. వాడు లింకు దొరకకపోతే ఊకుంటడా? స్పామ్ నొక్కుతడు. వెళ్లిపోతే ఒక అడ్రసే పోతది, స్పామ్ నొక్కితే మన పేరు పోతది. మన దేశంల 2023ల డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. ఒప్పుకునుడు ఎంత అల్కగ ఉన్నదో వద్దనుడు గూడ అంత అల్కగ ఉండాలె అని దాంట్ల రాసుంది. అమెరికాకు అమ్మేటోళ్లుంటే అక్కడి 2003 చట్టం ప్రకారం మెయిల్ కింద మీ పోస్టు అడ్రసు ఉండాలె, వద్దన్నోళ్లను పది పనిదినాలల్ల తీసెయ్యాలె. కొత్తవాడ అడ్రసు కిందేస్తే నాకేం నష్టం? ఆ అడ్రసు చూసే కొంటున్నరు.

ఏడాదిగ ఒక్క లింకు నొక్కనోళ్లకు, ఒక్క జవాబియ్యనోళ్లకు "ఇంకా పంపాలెనా?" అని ఒక్క మెయిల్ పంపి, పలకకపోతే తీసేస్త. మొదటిసారి నాలుగు వందల పేర్లు తీసినప్పుడు పానం ఉసూరుమన్నది. మా మామ పుస్తకంల గూడ కొన్ని పేర్ల మీద అడ్డం గీత ఉంటది. అడిగితే, "ఇంక రారు" అంటడు, అంతే.

"ఎందరు తెరిచిండ్రు" అనే నంబరు చూసి మురువకుండ్రి. మెయిల్‌ల ఉన్న బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్క కడతరు. 2021ల ఆపిల్ వాళ్లు ఒక మార్పు చేసిండ్రు. దాన్ని పెట్టుకున్నోళ్ల ఫోన్ల మనిషి చూడకున్నా మెయిల్‌ల బొమ్మ ముందే దిగిపోతది, మనకు మాత్రం "తెరిచిండు" అని చూపిస్తది. గాలికి తలుపు చప్పుడైతే గిరాకి వచ్చిందనుకున్నట్టు. నేను మూడే చూస్త: ఎందరు జవాబు రాసిండ్రు, ఎందరు లింకు నొక్కిండ్రు, ఎందరు కొన్నరు. ఇంకోటి, మూడు వందల మంది లిస్టు పెట్టుకొని సగానికి ఒక సబ్జెక్టు, సగానికి ఒక సబ్జెక్టు పంపి, ఈ దిక్కు ఐదు ఆర్డర్లు, ఆ దిక్కు మూడు వస్తే, ఇది గెలిచింది అనకుండ్రి. రేపు పంపితే తారుమారైతది. అంత చిన్న లిస్టుకు పరీక్షలెందుకు, ఫోన్ చేసి అడగరాదు?

(సభలో ఒక యువతి: అక్కా, ఏ టైముకు పంపాలె?)

మంచిగ అడిగినవ్ చెల్లె. "మంగళారం పొద్దున పది గంటలకు" అని ఎవలో చెప్తరు, నమ్మకు. నీ గిరాకి ఏడున్నడో చూడు. మా దగ్గర కొనేటోళ్లల్ల సగం మంది ఇక్కడ చదువుకొని అమెరికా పోయినోళ్లు. మనం పొద్దున తొమ్మిదికి పంపితే న్యూయార్క్‌ల రాత్రి, పండుకునే యాళ్ల. అదే మన సాయంత్రం ఏడింటికి పంపితే వాళ్లకు పొద్దున, చలికాలం ఎనిమిదిన్నర, ఎండకాలం తొమ్మిదిన్నర. ఛాయ్ తాగుకుంట ఫోన్ చూస్తరు. ఊరిని యాదిజేసుకునే టైము. మీవి ఏం చేస్తరు? పెంబర్తి ఇత్తడి పనా? అయితే నీ గిరాకి ఆర్కిటెక్టు, గుడి కమిటీ. వాళ్లు ఆఫీసు టైముల చూస్తరు. రెండు మూడు తీర్ల పంపి చూడు, జవాబులు ఎప్పుడొస్తున్నయో అదే నీ టైము.

(అదే యువతి: ఎంత మందితోని షురూ చేయాలె?)

నీ ఫోన్ల నంబర్లున్నోళ్లల్ల, నీ దగ్గర కొని మళ్ల ఒకసారన్న పలకరించినోళ్లెందరు? పదిహేనా? చాలు. సాఫ్ట్‌వేర్ కొనకు ఇప్పుడే. ఫోన్ చేసి అడుగు, ఒక్కొక్కరికి పేరు పెట్టి, నీ మామూలు జీమెయిల్ నుంచే, విడివిడిగ రాయి. ఇత్తడి నల్లబడితే చింతపండుతోని ఎట్ల తోమాలె, అది రాయి ముందుగాల. పాలిష్ వేసినవాటికి చింతపండు పెట్టొద్దని గూడ రాయి, లేకుంటే తిడతరు. (నవ్వులు)

ఇంకా ప్రశ్నలుంటే ఛాయ్ కాడ అడుగుండ్రి. ఆరుంబావు అయింది, నేను పోవాలె. బతుకమ్మకు మూడు వారాలున్నది, ఏడింటికి మెయిల్ పంపాలె. సబ్జెక్టు మా మామ ఇంకా ఒప్పుకోలే.